కన్సల్ట్, కన్సెంట్: అడిగితే సరిపోతుందా, ఒప్పుకోవాలా?

రంపచోడవరం నుంచి మాట్లాడుతున్నాను. ఒకేలా వినిపించే ఇంగ్లీషు మాటల్లో ఈ ఎపిసోడ్‌కి రెండు తీసుకున్నాను: కన్సల్ట్, కన్సెంట్. నాతోపాటు పైకి అనండి. కన్-సల్ట్. కన్-సెంట్. క్రియగా వాడినప్పుడు రెండింట్లోనూ ఒత్తి పలకాల్సింది రెండో ముక్కనే. గబగబా చదివేస్తే చెవికి తేడా తెలీదు. పరీక్షలో తప్పు పెడితే ఒక మార్కు పోతుంది, అంతే. కానీ మన ఏజెన్సీలో ఈ రెండు మాటల మధ్య భూములే ఉన్నాయండి. అందుకే వీటిని ఎంచుకున్నాను.

ముందు ఆసుపత్రి ఉదాహరణ చూద్దాం. ఒంట్లో బాగోలేదు, డాక్టర్‌ని కన్సల్ట్ చేశాం. ఆయన ఆపరేషన్ చేయించుకోమన్నారు. చేయించుకోవాలా వద్దా అన్నది ఎవరిష్టం? మనిష్టం. అంటే, కన్సల్ట్ చేసేటప్పుడు అడిగినవాడిదే నిర్ణయం. ఎదుటివాళ్లు సలహా మాత్రమే ఇస్తారు. ఇప్పుడు ఆపరేషన్‌కి సిద్ధమయ్యాం, కన్సెంట్ ఫారం ముందు పెట్టారు. ఇక్కడ అడిగేది ఆసుపత్రి, నిర్ణయం మాత్రం సంతకం పెట్టేవాళ్లది. కన్సెంట్‌లో అడిగించుకున్నవాడిదే ఆఖరి మాట. ఈ ఒక్క తేడా పట్టుకుంటే చాలు, మిగతాదంతా తేలికే.

వ్యాకరణం రెండు ముక్కల్లో చెప్పేస్తాను. కన్సల్ట్ తర్వాత నేరుగా మనిషి వస్తాడు: 'కన్సల్ట్ ఎ డాక్టర్'. కన్సెంట్ తర్వాత 'టు' రావాలి: 'ఐ కన్సెంట్ టు ది ఆపరేషన్'. కన్సల్ట్‌కి నామవాచకం కన్సల్టేషన్. కన్సెంట్‌కి క్రియ అయినా నామవాచకం అయినా అదే మాట.

తెలుగులోకి వస్తే సంప్రదింపు, సమ్మతి. చూశారా, మన దగ్గర కూడా రెండూ ఒకేలా మొదలవుతున్నాయి! నోటీసులో 'గ్రామసభను సంప్రదించి' అని ఉంటే, ఊరు ఒప్పుకుందనే అనుకుంటాం. అలా రాయలేదండి.

ఇప్పుడు చట్టాలకొద్దాం. 1996లో పెసా చట్టం వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రాజెక్టుల కోసం భూమి తీసుకునే ముందు గ్రామసభనో, తగిన స్థాయి పంచాయతీనో 'కన్సల్ట్' చేయాలని అందులో ఉంది. అంటే అడగాలి, వినాలి. ఊరంతా వద్దంటే ఏం చేయాలో ఆ మాట చెప్పదు. పోలవరం పనులు మొదలయ్యే నాటికి మన దేవీపట్నం మండలంలో గోదావరి ఒడ్డు ఊళ్లకు, అక్కడి కోయలకు, కొండరెడ్లకు ఉన్నవి ఈ ఒక్క మాట, 1894 నాటి భూసేకరణ చట్టం.

2013లో కొత్త భూసేకరణ చట్టం తెచ్చారు, 2014 జనవరి 1 నుంచి అమలు. దాని 41వ సెక్షన్‌లో మాట మారింది: 'ప్రయర్ కన్సెంట్', అంటే ముందస్తు సమ్మతి. అత్యవసరమని చెప్పి తీసుకున్నా సరే, సమ్మతి ఉండాల్సిందే. ఇక్కడా గ్రామసభ లేదా పంచాయతీ అని రాశారు కాబట్టి, ఎవరిని అడిగారన్నది కూడా చూసుకోవాలి.

ఇంకో సంగతి చెప్పాలి. న్యాయమూర్తుల నియామకం గురించి రాజ్యాంగంలో ఉన్నది కూడా 'కన్సల్టేషన్' అనే మాటే. 1981లో సుప్రీంకోర్టు దాన్ని సలహాగానే చూసింది. 1993లో మాత్రం ప్రధాన న్యాయమూర్తి అభిప్రాయానిదే పైచేయి అని తీర్పు చెప్పింది. జడ్జీల దగ్గర అంత బలం వచ్చిన మాటకి గూడేల దగ్గర రాలేదు. నాకైతే ఇది సబబుగా అనిపించదు.

ఊరి మాటే చెల్లితే ఎలా ఉంటుందో పక్కనే ఒడిశాలో చూశాం. నియమగిరి కొండల్లో బాక్సైట్ తవ్వకాల విషయంలో, అటవీ హక్కుల చట్టం కింద గ్రామసభలే తేల్చాలని 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు చెప్పింది. 12 పల్లెల్లో సభలు పెట్టారు. 12 సభలూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ అనుమతి నిరాకరించింది.

ఇక అభ్యాసం. ఈ రెండు వాక్యాలు నోట్‌బుక్‌లో రాసుకోండి. ఒకటి, 'ది గ్రామసభ వాజ్ కన్సల్టెడ్.' రెండు, 'ది గ్రామసభ హాజ్ గివెన్ ఇట్స్ కన్సెంట్.' సభలో ఒక్కరు కూడా ఒప్పుకోకపోయినా మొదటి వాక్యం నిజమే అవుతుంది. రెండోది నిజం కావాలంటే ఊరు ఔననాలి. అలాగే, హాజరు పట్టీలో సంతకం పెడితే సభకి వచ్చామని మాత్రమే అర్థం. కాబట్టి ఏ కాగితమైనా సంతకానికి ముందు పైన ఏం రాశారో చదివించుకోండి. మీలో ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలుంటే ఊళ్లో పెద్దవాళ్లకి ఆ కాగితం మీరే చదివి పెట్టండి.

ఒప్పుకోనప్పుడు ఇంగ్లీషులో ఎలా రాయాలంటారా? 'వుయ్ డు నాట్ కన్సెంట్.' నాలుగే మాటలు. 'వుయ్ వర్ నాట్ కన్సల్టెడ్' అని రాస్తే అర్థం వేరే అయిపోతుంది, మమ్మల్ని అడగలేదు అని. రెండూ నిజమైతే రెండూ రాయండి, విడివిడిగా.

వచ్చే ఎపిసోడ్‌లో అసెంట్, అసెంట్. స్పెల్లింగులు వేరు, పలుకు ఒకటే. ఒకటి ఆమోదం, ఇంకోటి కొండెక్కడం. మనకి రెండోది బాగా అలవాటే కదా. ఉంటానండి.