ట్రాఫిక్ లేని రోడ్డు ఎవరిది? అరకు కొండల్లో గ్రావెల్ సైక్లింగ్



"అన్నా, సిటీలో సైకిల్ తొక్కాలంటే ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవాలి. లారీ, బస్సు లేని రోడ్డు ఎక్కడైనా ఉందా?" అని నన్ను చాలామంది అడుగుతుంటారు. ఉంది. మన అల్లూరి సీతారామరాజు జిల్లాలో, అరకు, పాడేరు చుట్టుపక్కల కొండల్లో ఉంది. అక్కడికి ఎలా వెళ్లాలి, ఎలా తొక్కాలి అనేది ఈరోజు చెప్తాను. దాంతోపాటు అక్కడ ఒక పెద్దాయన నన్ను అడిగిన ప్రశ్న గురించి కూడా చెప్పాలి. అసలు ఈ ఎపిసోడ్ చేస్తున్నది దాని కోసమే.

ముందు బేసిక్స్. గ్రావెల్ బైక్ అంటే చూడ్డానికి రోడ్ సైకిల్ లాగే ఉంటుంది, హ్యాండిల్ కిందికి వంగి ఉంటుంది. కానీ టైర్లు లావు, సుమారు 40 ఎంఎం. తారు మీదా వెళ్తుంది, మట్టి, కంకర మీదా వెళ్తుంది. కొత్తది కొనాల్సిన పనేం లేదు. మీ దగ్గర హైబ్రిడ్ గానీ ఎంటీబీ గానీ ఉంటే చాలు, హాయిగా మొదలుపెట్టొచ్చు.

వైజాగ్ నుంచి అరకు రోడ్డు మీద దాదాపు 115 కిలోమీటర్లు. ఆ ఘాట్ రోడ్డు అందంగానే ఉంటుంది కానీ సీజన్‌లో శని, ఆదివారాలు టూరిస్టు కార్లతో నిండిపోతుంది. అందుకే నేను కిరండూల్ వెళ్లే రైలెక్కుతాను. సైకిల్‌ని లగేజీ కింద బుక్ చేయాలి కాబట్టి స్టేషన్‌కి ముందే వెళ్లండి. ఈ లైన్‌లో 58 సొరంగాలున్నాయి. దారిలో వచ్చే శిమిలిగుడ స్టేషన్ సముద్ర మట్టానికి 996 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అంటే పొద్దున సముద్రం పక్కన రైలెక్కిన మనల్ని కొండ మీదికి చేర్చే కష్టమంతా ఇంజనే పడుతుంది.

అరకులో దిగి మెయిన్ రోడ్డు వదిలేస్తే ఇక వేరే లోకం. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ తోటలు, ఆ చెట్లకి అల్లుకున్న మిరియాల తీగలు, చలికాలం మొదట్లో పచ్చగా పూసిన వలిసె చేలు. కాసేపటికి తారు అయిపోతుంది. గంటకి ఒక బైకో, ఆటోనో కనిపిస్తే గొప్ప.

ఇక్కడ పనికొచ్చే మూడు విషయాలు.

ఒకటి, గాలి. టైర్లని రాయిలా గట్టిగా కొట్టించకండి. 40 ఎంఎం టైరు, మనిషి 70 కిలోలు అనుకుంటే ట్యూబ్ ఉన్న టైర్లకి 35 నుంచి 40 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టి చూడండి. గాలి మరీ ఎక్కువైతే కంకర మీద సైకిల్ ఎగిరెగిరి పడుతుంది, పట్టు దొరకదు. మరీ తక్కువైతే రాయి తగిలినప్పుడు ట్యూబు నలిగి పంక్చర్ అవుతుంది.

రెండు, గేర్లు. 10 శాతం ఎక్కుడు అంటే ప్రతి కిలోమీటరుకి 100 మీటర్లు పైకి. ముందు చక్రానికి 40 పళ్లుంటే, వెనక అన్నిటికన్నా పెద్ద చక్రానికి కనీసం అన్నే ఉండాలి. లేదంటే దిగి నెట్టుకోవాలి. నెట్టడం తప్పేం కాదు, నేనూ నెట్టాను.

మూడు, దిగుడు. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది అంతే. దెబ్బలు తగిలేది దిగేటప్పుడు. మలుపు రాకముందే స్పీడు తగ్గించండి. మలుపులో ఉండగా ముందు బ్రేకు గట్టిగా పట్టారంటే కంకర మీద ముందు చక్రం జారిపోతుంది.

ఇదంతా చెప్తున్న నేనే పోయిన చలికాలం ఒక దిగుడులో స్పీడుగా వచ్చాను. పదునైన రాయి టైరు పక్క గోడని కోసేసింది. ట్యూబ్ మార్చినా ఆ చీలికలోంచి బయటికి ఉబ్బుతోంది. ఫోన్‌కి సిగ్నల్ లేదు. దగ్గర్లోని ఊరు దాకా సైకిల్ నడిపించుకుంటూ వెళ్లాను. ఒక పెద్దాయన చూసి, ఇంట్లోంచి పాత బైక్ ట్యూబు ముక్క తెచ్చి కత్తిరించి ఇచ్చారు. దాన్ని టైరు లోపల చీలిక దగ్గర పెట్టి గాలి కొడితే నిలబడింది.

అప్పుడు ఆయన నా హ్యాండిల్ మీదున్న జీపీఎస్ చూసి అడిగారు: "రోడ్డు సర్వేకి వచ్చారా బాబూ?"

"లేదు తాతా, ఊరికే సైకిల్ తొక్కడానికి వచ్చాను" అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు. "ఇక్కడా? తారు రోడ్డు అటు ఉంది కదా బాబూ" అన్నారు. తర్వాత మెల్లగా చెప్పారు. వానాకాలంలో ఆ దారి బురదై అంబులెన్స్ పైకి రాదట. ఆయన కోడలికి నొప్పులొచ్చినప్పుడు డోలీ కట్టి కిందికి మోసుకెళ్లారట. డోలీ అంటే కర్రకి గుడ్డ కట్టి, అందులో మనిషిని పడుకోబెట్టి, భుజాల మీద మోయడం. వార్తల్లో చాలాసార్లు చూశాను. ఆ దారి మాత్రం నేను పది నిమిషాల క్రితం నవ్వుకుంటూ దిగిన దారే.

తల్లీబిడ్డా క్షేమం. కానీ నా యాప్‌లో ఆ రోడ్డుకి "ట్రాఫిక్ లేదు, సూపర్" అని నేను రాసుకున్న నోట్ చూస్తే సిగ్గేసింది. ట్రాఫిక్ ఎందుకు లేదు? బండి రాలేదు కాబట్టి లేదు. నాకు ప్రశాంతంగా అనిపించింది వాళ్లకి లేని సౌకర్యం.

అందుకని వెళ్లడం మానేయాలా? నేను మానలేదు. కాకపోతే వెళ్లే పద్ధతి మార్చుకున్నాను. సంత రోజు జనం బరువులు మోసుకుంటూ నడుస్తుంటారు, వాళ్లకి దారిచ్చి ఆగుతాను. రోడ్డు మీద ధాన్యమో, కాఫీ గింజలో ఆరబోస్తే దిగి పక్కనుంచి నడుస్తాను. టీ, భోజనం అక్కడే డబ్బులిచ్చి తింటాను. అడక్కుండా ఎవరి ఫొటో తీయను. వానాకాలంలో ఆ మట్టి దారుల్లోకి అసలు వెళ్లను. బురదలో మన టైర్లు చేసే గాడి ఎండితే అలాగే గట్టిపడిపోతుంది, రేపు దాని మీద నడవాల్సింది వాళ్లు.

ఇంకోటి. "ఇలాంటి రోడ్లు తారు వేసి పాడుచేస్తున్నారు" అని సైకిల్ గ్రూపుల్లో అనేవాళ్లున్నారు. నేనూ ఒకప్పుడు అన్నాను. ఇప్పుడు అనను. ఆ ఊరికి తారు రోడ్డు పడితే నా రూట్‌లో కొన్ని కిలోమీటర్ల గ్రావెల్ పోతుంది, అంతే. తోటల మధ్య, చేల గట్ల పక్కన నాకు ఇంకో దారి దొరుకుతుంది. వాళ్లకి ఉన్నది ఆ ఒక్క దారే.

ఈసారి వెళ్లినప్పుడు ఆ రోడ్డు నల్లగా, నున్నగా కనిపించాలని, ఎదురుగా ఒక అంబులెన్స్ వచ్చి నేను పక్కకి తప్పుకోవాలని కోరుకుంటున్నాను. ఆ ట్రాఫిక్‌తో నాకే ఇబ్బందీ లేదు.

మీరు కూడా వెళ్లండి. హెల్మెట్, పంపు, రెండు ట్యూబులు, ఒక పాత టైరు ముక్క మర్చిపోకండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.