పాత కంప్యూటరు హఠాత్తుగా నెమ్మదించినప్పుడు



కోవిల్‌పట్టి బజారులో ఒక కడలైమిఠాయి దుకాణాన్ని ఊహించుకోవచ్చు. గల్లాపెట్టె పక్కన పది పన్నెండేళ్ల నాటి డెస్క్‌టాప్ కంప్యూటరు. అందులో సరకు చిట్టాలు, బాకీల లెక్కలు, జీఎస్టీ పత్రాలు ఉన్నాయి. వాటితోపాటు ఇంటి దస్తావేజు నకలు, తాతగారు తెలుగులో వ్రాసిన ఉత్తరాల ఫోటోలు కూడా ఉన్నాయి. ఆ ఉత్తరాల మూలప్రతులు చెదలపాలై చాలా కాలమైంది. నిన్న సాయంత్రం వరకు నొక్కగానే తెరుచుకొన్న ఫోల్డరు ఈ ఉదయం ఐదు నిమిషాలు తీసుకొన్నది. ఫైలు పేరు మార్చబోతే తెర బిగుసుకుపోతున్నది. యజమాని ‘పాతబడింది, ఇంతే’ అనుకొని ఆ రోజు పని ఎలాగో నెట్టుకొచ్చాడు.

పొరపాటు ఆ మాటలోనే ఉన్నది. ముసలితనం ఒక్క రాత్రిలో రాదు. ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా మందగించడం వేరు. కొత్త ప్రోగ్రాములు బరువెక్కుతాయి, మెమరీ చాలదు, డిస్కు నిండుతుంది. నిన్నటికీ నేటికీ మధ్య తేడా వచ్చిందంటే ఏదో ఒక నిర్దిష్ట కారణం ఉండాలి. అటువంటి కారణాలలో చాలావరకు అల్పమైనవే. ఒకటి మాత్రం ప్రమాదకరం, అది హార్డ్ డిస్కు చెడిపోవడం. ఏది నిజమో తేలేవరకు ప్రమాదకరమైనదే జరిగిందని భావించి నడుచుకోవడం క్షేమం.

డెస్క్‌టాప్ హార్డ్ డిస్కు లోపలి పళ్లెం సాధారణంగా నిమిషానికి 7,200 సార్లు తిరుగుతుంది. దానిమీద సమాచారం సెక్టార్లు అనే చిన్న గళ్లలో ఉంటుంది. ఒక సెక్టారు బలహీనపడితే డిస్కు దాన్ని ఒక్కసారి చదవబోయి విరమించదు, మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. ఒక్క గడి కోసమే అనేక సెకన్లు గడిచిపోవచ్చు. అంతసేపూ తక్కిన పనులన్నీ వాకిట నిలబడి ఉంటాయి.

కనుక మరమ్మతుకు ముందు నకలు తీయాలి. సినిమాలు, పాటలు పక్కన పెట్టి, మళ్లీ దొరకనివాటిని ముందుగా పెన్‌డ్రైవ్‌కో బయటి డిస్కుకో ఎక్కించాలి. పై ఉదాహరణలో ఆ ఉత్తరాలు, లెక్కలు ముందు, తక్కినవి తరువాత. ఒక ఫైలు దగ్గర ఆగిపోతే దానితో పెనుగులాడక తరువాతిదానికి వెళ్లాలి. ఈ దశలో డీఫ్రాగ్‌మెంట్ గాని, డిస్కు మొత్తాన్ని తడివి చూసే చెక్‌డిస్క్ గాని నడపకూడదు. నీరసించిన డిస్కుకు అది మోయలేని చాకిరీ. లోపలినుండి టక్ టక్ అనే చప్పుడు వస్తుంటే నకలు ప్రయత్నం కూడా మాని, యంత్రాన్ని ఆపివేసి, సమాచారం వెలికితీసే నిపుణులకు అప్పగించడమే మంచిది.

మరమ్మతు దుకాణాలలో తరచుగా వినిపించే మందు ‘ఫార్మాట్’. అది చేసిన తరువాత కొన్నాళ్లు వేగం బాగానే కనిపించవచ్చు, ఎందుకంటే తిరిగి వ్రాసేటప్పుడు డిస్కు చెడిన సెక్టార్లను పక్కకు తప్పించి అదనపు గళ్లను వాడుకొంటుంది. జబ్బు మాత్రం అక్కడే ఉంటుంది. ఈలోగా ఉత్తరాలు పోయి ఉంటాయి.

నకలు భద్రమైన తరువాత పరీక్ష. డిస్కు తన ఆరోగ్య చిట్టాను తానే వ్రాసుకొంటుంది; దాని పేరు స్మార్ట్. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాము దాన్ని చూపుతుంది. అందులో 05 అనే వరుస ఇప్పటికే మార్చిన సెక్టార్లను, సి5 అనే వరుస చదవలేక అనుమానంలో ఉంచినవాటిని లెక్కిస్తుంది. సి5 సున్నా కాకుండా పెరుగుతూ పోతే ఆ డిస్కును నమ్మకూడదు. ఆ రెండూ సున్నాగా ఉండి సి7 ఒక్కటే పెరుగుతుంటే సాధారణంగా తప్పు కేబులుది. తూత్తుకుడి తీరపు ఉప్పుగాలికి లోహపు కొనలు తుప్పు పట్టడం ఆశ్చర్యం కాదు. కరెంటు తీసి, కేబులు మార్చి చూడాలి. డిస్కుతో పోలిస్తే దాని ఖరీదు స్వల్పం.

ఇంకా విండోస్ ఎక్స్‌పీ నడిచే యంత్రం ఏదైనా మూలన ఉంటే దానిది మరొక విచిత్రం. పాత ఐడీఈ డిస్కుతో తప్పులు పదేపదే ఎదురైతే అది డీఎంఏ పద్ధతిని వదలి, నిదానమైన పీఐఓ పద్ధతికి తనంతట తానే దిగిపోతుంది. డివైస్ మేనేజర్‌లో ఐడీఈ చానల్‌ను తొలగించి యంత్రాన్ని తిరిగి ప్రారంభిస్తే మామూలు వేగం రావచ్చు. ఆ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ రక్షణ 2014 ఏప్రిల్ 8తోనే ముగిసింది గనుక దాన్ని ఇంటర్నెట్‌కు కలపకపోవడం మేలు.

డిస్కు నిర్దోషి అని తేలితే ఒక చిన్న ఉపాయం ఉన్నది. కమాండ్ ప్రాంప్ట్ తెరచి, అదే ఫోల్డరులోకి వెళ్లి డి, ఐ, ఆర్ అనే మూడు అక్షరాలు కొట్టాలి. పట్టిక క్షణంలో వస్తే లోపం డిస్కుది కాదు, దాన్ని చూపే ఎక్స్‌ప్లోరర్ కిటికీది. అప్పుడు వెదకవలసిన చోట్లు కొన్నే. ఇప్పుడు లేని మరో కంప్యూటరుకు ఎప్పుడో కలిపిన నెట్‌వర్క్ డ్రైవ్ ఒకటి. దాని జవాబు కోసం కిటికీ ఎదురుచూస్తూ ఉండిపోతుంది. ఈ మధ్య వేసిన ప్రోగ్రాము కుడి మీట పట్టికలో తన పేరు చేర్చుకోవడం మరొకటి. వేలాది ఫైళ్లున్న ఫోల్డరును విండోస్ చిత్రాల ఫోల్డరుగా భావించి ప్రతిదానికీ బొమ్మ గీయబోవడం కూడా మామూలే. ప్రాపర్టీస్‌లోని కస్టమైజ్ భాగంలో ‘జనరల్ ఐటమ్స్’ అని మారిస్తే సరిపోతుంది. రెండు యాంటీవైరస్‌లు ఒకేసారి పనిచేస్తుంటే ఒకదాన్ని తొలగించాలి.

డిస్కే చెడిందని తేలినా కంప్యూటరు మొత్తం మార్చవలసిన అగత్యం లేదు. పది పన్నెండేళ్ల నాటి డెస్క్‌టాప్‌లలో సాధారణంగా సాటా కనెక్టరు ఉంటుంది. సాటా ఎస్ఎస్‌డీ దానికి అమరుతుంది. అందులో తిరిగే పళ్లెం లేదు గనుక పాత యంత్రం కూడా చురుకుగా కదులుతుంది.

నకలు తీసిన ఫైళ్లను మరొక కంప్యూటరులో తెరచి చూసిన తరువాతనే పాత డిస్కును విప్పాలి. పేర్లు కనిపించి లోపల ఖాళీగా ఉన్న ఫైళ్లు ఇటువంటి సమయంలోనే బయటపడతాయి. రెండవ ప్రతి అదే గల్లాపెట్టెలో కాక, విరుదునగరంలోని బంధువుల ఇంట ఉండవచ్చు.