మెసేజ్ ఎవరి ఫోనుకు పోయింది?

 

పోయిన ఎపిసోడ్ తర్వాత ఒక డ్రైవర్ తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. "అన్నా, ముఖాలఫా అని చెప్పి నా జీతంల కోసిండ్రు. నాకు పోలీసులు ఒక్క మెసేజ్ గూడ పంపలే. చెప్పకుండ ఫైన్ ఎట్ల ఏస్తరే?" అని.

తమ్మీ, పోలీసులు పంపిండ్రు. నీకు పంపలేదు, గంతే. ఈ రోజు ఆ ముచ్చటే.

కొత్తగా వింటున్నవాళ్ల కోసం ఒక మాట. నేను ఐటీఐ సర్వేయర్ ట్రేడ్ చదివి 2006లో దుబాయ్ వచ్చాను. స్టీల్ ఫిక్సర్ల దగ్గర హెల్పర్‌గా మొదలుపెట్టి ఇప్పుడు సైట్ సూపర్‌వైజర్‌గా ఉన్నాను. డ్రైవింగ్ లైసెన్సు టెస్టు నాలుగోసారికి పాసయ్యాను. పోలీసు నియమాల మీద నాకేదో పాండిత్యం ఉందని కాదు, ఒక తప్పు చేసిన అనుభవం ఉంది కాబట్టి చెబుతున్నాను.

ఇక్కడ ఫైన్ రెండు రకాలుగా పడుతుంది. ఒకటి, షుర్తా మనల్ని ఆపి వేసేది. లైసెన్సు, ముల్కియా అడుగుతాడు, చేతిలో ఉన్న మిషన్‌లో కొట్టుకుంటాడు, ఎందుకు వేశాడో మొహం మీదే చెబుతాడు. దాంట్లో గందరగోళం లేదు. (అక్కడ జేబులోంచి నోటు తీయకండి. మనకు అలవాటు కొద్దీ చెయ్యి పోతుంది. ఇక్కడ అది లంచం కేసు.)

రెండోది మనం ఎదురుగా లేకుండా పడేది. అరబీలో గియాబీ అంటారు. మనం హిందీలో గాయబ్ అంటామే, ఆ మాటే. రాడార్ కొట్టినా, సిగ్నల్ కెమెరా పట్టినా, పక్కనుంచి పోతున్న పోలీసు నంబరు రాసుకున్నా అది గియాబీ కిందికే వస్తుంది. ఈ రకంలో స్టీరింగ్ ఎవరి చేతిలో ఉందో పోలీసులకు తెలియదు. వాళ్లకు తెలిసింది ప్లేట్ నంబర్ ఒక్కటే. ఆ ప్లేట్ ఎవరి పేరు మీద ఉందో, ఆ ఫైలులో ఏ మొబైల్ నంబర్ ఉందో, మెసేజ్ దానికి పోతుంది. సొంత కారైతే మీ ఫోనుకు వస్తుంది. కంపెనీ పికప్ అయితే కంపెనీ ఇచ్చిన నంబరుకు.

మా కంపెనీలో ఆ నంబరు ఎవరిదో తెలుసా? ఎప్పుడో మానేసి పోయిన పీఆర్వోది. ఆ సిమ్ ఉన్న ఫోను ఆఫీసులో ఒక డ్రాయర్‌లో పడుంది. ఎవరికన్నా గుర్తొస్తే ఛార్జింగ్ పెట్టేవాళ్లు. అందులోకి నెలల తరబడి మెసేజ్‌లు వచ్చి పడుతూనే ఉన్నాయి. చూసే మనిషి లేడు.

ముల్కియా ఏడాదికోసారి రెన్యూవల్ చేయాలి కదా. ఫైన్లు మొత్తం కడితేనే అది అవుతుంది. అప్పుడు బయటపడ్డాయి. మా పికప్ మీద మూడు. స్పీడు 300 దిర్హాములు ఒకటి, స్పీడు 600 ఇంకొకటి, నడుపుతూ ఫోన్ పట్టుకున్నందుకు 800. మొత్తం 1,700. అకౌంట్స్ నుంచి నా టేబుల్ మీదికి కాగితం వచ్చింది. బండి నంబరు, తేదీలు, టైములు, జాగాలు, కింద మా డ్రైవర్ పేరు. సూపర్‌వైజర్ సంతకం కావాలి.

నేను పెట్టిన. తేదీలు చూడలేదు. ఆ రోజు మెటీరియల్ రిక్వెస్టులు, ఓవర్‌టైమ్ షీట్లు కలిపి ఒక కట్ట ఉంది, అందులో ఇదొకటి.

ఆ డ్రైవర్ కామారెడ్డి దిక్కు పిల్లగాడు. జీతం 1,800. నెలకు 850 చొప్పున రెండు నెలలు కోత. ఏ కారణం మీద కోసినా, అన్నీ కలిపి సగం జీతం దాటొద్దని ఇక్కడి లేబర్ చట్టం. 850 అంటే సగానికి యాభై తక్కువ. మా అకౌంటెంట్‌కు చట్టం బాగానే తెలుసు.

మొదటి కోత పడ్డాక సాయంత్రం నా దగ్గరికొచ్చాడు. "అన్నా, ఆ రెండు స్పీడుయి నేనే కావచ్చు, కాదనను. ఫోనుది నాది కాదే" అన్నాడు. నేనేమన్నానో చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గే. "కెమెరా అబద్ధం చెప్పదు తమ్మీ" అన్నాను.

ఏం మాట్లాడలేదు. రెండో రోజు ఒక క్లినిక్ చీటీ తెచ్చి నా ముందు పెట్టాడు. ఆ తేదీన అతను జ్వరంతో రూములో ఉన్నాడు. అప్పుడు నేను మొదటిసారి ఆ తేదీ సరిగ్గా చూశాను. ఆ రోజు మాకు స్లాబ్ కాంక్రీటు. వైబ్రేటర్ నీడిల్ చెడిపోతే, డ్రైవర్ లేడని నేనే పికప్ తీసుకుని షార్జా పోయి కొత్తది తెచ్చాను. తిరిగొస్తుంటే దుబాయ్‌లోకి వచ్చాక ఇంజినీర్ ఫోను. "ట్రాన్సిట్ మిక్సర్లు వచ్చి నిలబడ్డాయి, ఎక్కడున్నవ్?" అని. నేను ఎత్తి మాట్లాడిన. ఫ్లాష్ ఏదీ కొట్టినట్టు కూడా గుర్తు లేదు.

కెమెరా అబద్ధం చెప్పలేదు మరి. పట్టింది నన్ను.

ఆఫీసుకు పోయి చెప్పాను. 800 నా జీతంలో కోయించుకున్నాను, అతని లెక్క సరిచేశారు. కానీ ఫోన్ ముఖాలఫాకు 800తో పాటు 4 బ్లాక్ పాయింట్లు ఉంటాయి. పైసలు కంపెనీ కట్టొచ్చు గానీ పాయింట్లు కంపెనీ మీద పడవు, ఎవరిదో ఒక మనిషి లైసెన్సు మీదే పడాలి. కట్టేటప్పుడే ఆఫీసువాళ్లు అతని లైసెన్సు మీద వేసేశారు. ఏడాదిలో 24 అయితే లైసెన్సు ఆపేస్తారు. రెడ్ సిగ్నల్ ఒక్కటి దాటితేనే 12. డ్రైవర్‌కు లైసెన్సు అంటే మేస్త్రీకి తాపీ లాంటిది కాదు, తాపీ పోతే ఇంకోటి కొనుక్కుంటాడు. ఆ నాలుగు పాయింట్లు వెనక్కి తీయించలేకపోయాను. అతను ఇప్పటికీ నన్ను అన్నా అనే పిలుస్తాడు. చాయ్ తాగుదాం రా అంటే మాత్రం పని ఉందంటాడు.

అందుకే చెబుతున్నా, మెసేజ్ కోసం కూర్చోకండి. దుబాయ్ పోలీస్ యాప్‌లో గానీ వెబ్‌సైట్‌లో గానీ ప్లేట్ నంబరు కొడితే ఆ బండి మీద ఏమున్నాయో కనిపిస్తాయి. లైసెన్సు నంబరుతో కూడా చూడొచ్చు. ఇంగ్లీషు రాకపోతే రూములో చదువుకున్న పిల్లగాడు ఎవడో ఒకడుంటాడు, అడగండి. వారానికోసారి, శుక్రవారం ఇంటికి ఫోన్ చేసే ముందు చూసుకుంటే చాలు. రోజులు దాటితే జ్ఞాపకం ఉండదు, నేను ఫోనెత్తిన రోజు నాకే గుర్తు లేదు కదా. ఇంకో నష్టం కూడా ఉంది. అబుధాబిలో పడిన ఫైను, పెద్ద నేరం కాకపోతే, 60 రోజుల్లోపు కడితే 35 శాతం తగ్గుతుంది. ఆ తర్వాత ఏడాది లోపల అయితే 25 శాతమే. డ్రాయర్‌లో మెసేజ్ పడుంటే ఆ తగ్గింపు కూడా డ్రాయర్‌లోనే.

ఇక రాని మెసేజ్ బాధ ఒకటైతే, వచ్చే మెసేజ్ బాధ ఇంకోటి. "మీ మీద ట్రాఫిక్ ఫైన్ ఉంది, ఈ రోజే కట్టండి, లేకుంటే డబుల్" అని లింకు పెడతారు. బండి లేనివాళ్లకు కూడా వస్తుంది. మా ప్లంబర్ ఒకాయనకు వచ్చింది, లైసెన్సే లేదు, కానీ భయపడి కార్డు నంబరు కొట్టబోయాడు. లింకు నొక్కకండి. మీ అంతట మీరే యాప్ తెరిచి చూడండి, అందులో లేకపోతే ఫైన్ లేదు. ఓటీపీ అడిగిందంటే దొంగే. అనుమానం ఉంటే 901కి ఫోన్ చేయండి, అది దుబాయ్ పోలీసుల నంబరు, అర్జెంటు కాని పనులకు.

బండి లేదు కదా అని నవ్వుకునేవాళ్లకు ఒక మాట. సోనాపూర్ దగ్గర రోడ్డుకు అడ్డం పడి ఉరికేవాళ్లను నేను రోజూ చూస్తున్నాను. దానికి 400. 2025 మార్చి నుంచి కొత్త చట్టం వచ్చింది, 80 లేదా అంతకంటే ఎక్కువ స్పీడు లిమిట్ ఉన్న రోడ్డు అట్లా దాటితే జైలు దాకా పోతుంది.

సౌదీలో ఉన్నవాళ్లు అబ్షర్‌లో చూసుకోండి. కువైట్ వాళ్లకు సాహెల్, ఖతర్ వాళ్లకు మెట్రాష్. కువైట్, ఖతర్‌లలో బాకీ ఉంటే దేశం దాటనివ్వరు. చెల్లెలి పెళ్లికి పోయేవాడికి ఎయిర్‌పోర్టులో తెలిస్తే ఎట్లుంటుందో ఆలోచించండి.

ఊళ్లో సంగతి కూడా ఇంతే. నా బైకు మా బావమరిది నడుపుతాడు. ఆర్సీలో ఉన్నది నా పాత సిమ్, రీఛార్జ్ లేక ఎప్పుడో పోయింది. పోయినసారి సెలవుకు పోతే బైకు మీద తొమ్మిది చలాన్లు. "డిస్కౌంట్ పెడ్తరు తియ్ బావా" అంటాడు. నిజమే, 2023 డిసెంబర్‌లో తెలంగాణలో టూవీలర్లకు 80 శాతం తీసేశారు. ఆ ధైర్యం ఇక్కడికి మోసుకొస్తేనే కష్టం.

మా పికప్‌లో ఇప్పుడు డ్యాష్‌బోర్డులో ఒక నోటుబుక్కు ఉంది. ఎవరు తీసినా తేదీ, టైము, పేరు, సంతకం. ముందు ఇంజినీర్లు నవ్వారు, ఇప్పుడు వాళ్లూ రాస్తున్నారు. డ్రాయర్‌లో ఫోను మాత్రం అక్కడే ఉంది. నంబరు మార్పించమని నాలుగుసార్లు అడిగాను, అవుతుందంటున్నారు. మీ కంపెనీలో ఆ నంబరు ఎవరి దగ్గరుందో రేపు డ్యూటీకి పోయినప్పుడు అడిగి, వాయిస్ మెసేజ్ పెట్టండి. ఉంటా మరి.