కిటికీ అద్దముల వాడుక

వాడుక అను మాట తెలియని తెలుగు ఇల్లుండదు. పాలు వాడుకగా పోయువారు, పూలు వాడుకగా తెచ్చి ఇచ్చువారు, బట్టలు వాడుకగా ఉదుకువారు మనకు తరతరములుగా ఎరుకైనవారే. వారు పిలువకయే వత్తురు, చెప్పిన వేళకు వత్తురు, నెల ముగియగానే లెక్క చూచుకొందురు. నేడు మేము ప్రసంగింపదలచిన వృత్తికి మన యూళ్ళలో అట్టి పూర్వాచారము లేదు. కిటికీ అద్దములను శుభ్రపరచి, ఆ పనిమీదనే స్వతంత్రముగా జీవించు వృత్తి అది. అయినను ఈ కొత్త వృత్తి నిలుచుట గాని కూలుట గాని ఆ పాత మాటమీదనే ఆధారపడియున్నదని మా అభిప్రాయము.

మన తాతల ఇండ్లలో కిటికీ యనగా చెక్క తలుపులు, ఇనుప ఊచలు. పండుగకు ముందు తడిగుడ్డతో ఒకసారి తుడిచిన చాలును. ఇప్పుడు కాలము మారినది. హైదరాబాదు మాదాపూరులో సైబర్ టవర్స్ భవనము 1998లో ప్రారంభమైనది. ఆ తరువాత దాని చుట్టుపట్ల అద్దపు గోడల మేడలు వరుసగా లేచినవి. ఆ అభిరుచి అక్కడనే ఆగలేదు. చిన్న పట్టణములోని బట్టల దుకాణమునకు, మందుల దుకాణమునకు, బేకరీకి, పంటి వైద్యుని గదికి సైతము నేడు అద్దపు ముఖమే కావలెను. కొత్త ఇండ్లలో చెక్క తలుపులకు మారుగా అటునిటు జరుపు అద్దపు తలుపులు వచ్చినవి.

ఆకాశమంటు మేడలను శుభ్రపరచుటకు తాళ్ళు, ఊయల తొట్లు, శిక్షణ పొందిన మనుష్యులు గల సంస్థలు ఉన్నవి. అది వేరు విద్య. దుకాణముల ముంగిటి అద్దములకు, ఒకటి రెండు అంతస్తుల ఇండ్లకు మాత్రము ప్రత్యేకించి పనివాడనువాడు పెక్కు చోట్ల కానరాడు. దుకాణములోని కుర్రవాడు పాత వార్తాపత్రికతో రుద్దును. ఇంట పనిచేయు ఆమె చేతికందినంత వరకు తుడుచును. ఈ ఖాళీ స్థలములోనే ఒక బకెట్టుతో, ఒక సైకిలుతో మనిషి తన వృత్తిని ఆరంభింపగలడు.

ఇంగ్లండులో ఈ వృత్తి ఎప్పుడో స్థిరపడినది. అక్కడి పనివాడు కొన్ని వీధులను తనవిగా ఏర్పరచుకొని, నాలుగు వారములకో ఎనిమిది వారములకో ఒకసారి ప్రతి ఇంటికిని వరుసగా వెళ్ళుచుండును. ఆ ఇండ్ల వరుసయే అతని ఆస్తి. వృత్తి మానునపుడు ఆ వరుసను మరియొకనికి వెలకు అమ్ముటయు కలదు. అమ్ముడుపోవునది నిచ్చెన కాదు, బకెట్టు కాదు. ఫలానా దినమున ఈ మనిషి వచ్చునను నమ్మకము. మన భాషలో దీనికి పేరు కొత్తగా కల్పింపనక్కరలేదు. అది వాడుకయే.

ఇక పరికరముల సంగతి. అద్దమును చక్కగా తుడుచుటకు కావలసినవి స్వల్పము. నీరు పట్టించుటకు మెత్తని కుచ్చు, నీటిని లాగివేయుటకు సన్నని రబ్బరు అంచు గల వైపరు, పొడిగుడ్డలు నాలుగు, బకెట్టు ఒకటి, గిన్నెలు తోము ద్రవము కొన్ని చుక్కలు. చేతిలో ఇముడు తేలికైన వైపరును అమెరికాలో స్థిరపడిన ఇటలీ దేశీయుడు ఎట్టోరె స్టెక్కోనె 1930ల దశకమున రూపొందించెను. నేటికిని పనివారి చేతిలోనున్నది ఇంచుమించు ఆ రూపమే. దానిలో ప్రాణమంతయు రబ్బరు అంచులోనే యున్నది. అంచు మొద్దుబారినచో అద్దముపై గీతలు గీతలుగా నీరు నిలుచును. అప్పుడు పట్టీని త్రిప్పి రెండవ అంచు వాడవలెను. అదియు అరిగిన, కొత్తది వేయవలెను. రబ్బరు దగ్గర పొదుపు చేసినవాడు పేరు దగ్గర నష్టపోవును.

పనికి ఒక వరుస కలదు. మన ఇండ్ల కిటికీలకు దోమతెర యుండును, ఇనుప గ్రిల్లు యుండును, తలుపు జరుగు గాడి యుండును. ముందుగా తెర, పిదప గ్రిల్లు, తరువాత గాడి, కడపట అద్దము. గాడిలోని దుమ్మును వదలి అద్దమును మాత్రము మెరయజేసిన, తలుపు ఒక్కసారి జరుపగానే చేసినదంతయు వ్యర్థమగును. అద్దమును ఎన్నడును పొడిగా రుద్దరాదు. మన గాలిలోని దుమ్ములో సన్నని ఇసుక కలదు. పొడిగుడ్డ క్రింద అది గాజును గీయును. ముందు బాగుగా తడిపి, మురికి నానిన పిదప వైపరును పైనుండి క్రిందికి లాగవలెను. ప్రతి లాగుడు తరువాత అంచును గుడ్డతో తుడిచి, మొదటి దారిని కొంచెము కలుపుకొనుచు రెండవ దారి తీయవలెను. అంచులలో మిగిలిన తడిని పొడిగుడ్డతో అద్దవలెను. ఎండ సూటిగా పడు అద్దమును ఆ వేళ ముట్టకుండుట మంచిది. నీరు లాగకముందే ఆరి మరక మిగులును. కావున తూర్పు ముఖపు కిటికీలు మధ్యాహ్నము తరువాత, పడమటి ముఖపువి ఉదయము.

నీటి విషయము వేరుగా చెప్పదగినది. బోరు నీటిలో సున్నపు లవణములు హెచ్చు. ఆ నీరు అద్దముపై ఆరినచో తెల్లని చుక్కలు నిలుచును. త్రాగు నీటిలో లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు కరిగిన పదార్థములు సమ్మతమని భారత ప్రమాణము చెప్పుచున్నది. త్రాగుటకు మంచిదైన ఆ నీరే అద్దముపై ఆరవిడుచుటకు పనికిరాదు. వైపరుతో లాగివేయుదుమన్నచో సామాన్యమైన నీరు చాలును. పొడవైన గొట్టపు కర్రతో నేలమీదనుండియే పై అంతస్తును కడిగి ఆరవిడుచు పద్ధతియు కలదు. దానికి లవణములు దాదాపు లేని శుద్ధజలము కావలెను. కొలుచుటకు చిన్న మీటరులు అంగడిలో దొరకును.

చేయకూడని పనులు తెలిసికొనుట చేయవలసినవి నేర్చుకొనుటకంటె ముఖ్యము. మరుగుదొడ్డి కడుగు యాసిడ్‌ను కిటికీ దగ్గరకు రానీయరాదు. అది అల్యూమినియపు చట్రమును తినివేయును, పాలరాతి గడపను చెరచును. యాసిడ్‌ను బ్లీచింగు ద్రవముతో కలిపినచో ఊపిరికి ప్రాణాంతకమైన విషవాయువు పుట్టును. కొత్త ఇండ్లలో అద్దముపై సిమెంటు చుక్కలు ఎండి యుండును. వానిని బ్లేడుతో గీకిన, ముఖ్యముగా గట్టిపరచిన అద్దముపై, గీతలు పడుట కలదు. ఎండ ఆపుటకు పొర అంటించిన అద్దమును బ్లేడు తాకనేరాదు. ఇట్టి పని ఒప్పుకొనక ముందే, ఉన్న గీతలను యజమానికి చూపి, ఫోటో తీసి ఉంచుకొనుట ఇరువురకును క్షేమము.

ఇక అన్నిటికంటె గురుతరమైన మాట ఎత్తును గూర్చినది. ఈ వృత్తి చేపట్టినవానికి వచ్చు మొదటి ప్రలోభము అదియే. క్రింది అద్దమునకు తక్కువ, పై అద్దమునకు ఎక్కువ ఇత్తుమనువారు ఎదురగుదురు. మేము చూచిన ఒక ఉదంతము చెప్పెదము. ఒక అపార్టుమెంటులో క్రింది రెండు అంతస్తులు శుభ్రపరచుచుండిన యువకుని అచ్చటి మేనేజరు నాలుగవ అంతస్తునకు పిలిచెను.

“ఒక్క అద్దమే గదా తమ్ముడూ! సజ్జమీద కాలుపెట్టి తుడిచేసి రా. వంద రూపాయలు ఎక్కువ ఇప్పిస్తాను.”

“లోపలినుంచి నా చేతికి అందినంత తుడుస్తానన్నా. సజ్జమీదికి మాత్రం దిగను.”

“అయితే రేపటినుంచి వేరేవాణ్ణి చూసుకుంటాం.”

“మీ ఇష్టమన్నా. నేను పడితే మా ఇంట్లో నా చోటికి ఇంకొకరు దొరకరు.”

ఆ అపార్టుమెంటు అతని చేజారినది. ఆ నెల రాబడి తగ్గినది. అది చిన్న నష్టము కాదు. మరునాడు ఆ సజ్జమీదికి వేరొకడు దిగెను. అతడు క్షేమముగా లోపలికి వచ్చెను గాని, ఆ క్షేమము నేర్పువలన వచ్చినది కాదు, అదృష్టమువలన వచ్చినది. నెలనెలయు అదృష్టముపై ఆధారపడు పనిని వృత్తి యని పిలువజాలము. సజ్జ వాన కాపుటకు కట్టినది. మనిషిని మోయుటకు కట్టినది కాదు. నీరు, సబ్బు, నాచు కలిసినచోట కాలికి పట్టుండదు.

బ్రిటనులో 2005లో వచ్చిన నిబంధనలు దీనినే సూత్రముగా చెప్పినవి: ఎత్తున చేయవలసిన పనిని వీలైనంతవరకు అసలే తప్పించుకొనవలెను, తప్పనిచో పడకుండ ఏర్పాటు చేయవలెను, అదియు కానిచో పడినను దెబ్బ తక్కువగునట్లు చూడవలెను. మన చిన్న పనివాడు ఈ మూడింటిలో మొదటిదానినే వ్రతముగా పట్టవలెను. జరుపు తలుపులను పెక్కింటిని లోపలినుండియే ఎత్తి గాడినుండి తీయవచ్చును. గదిలో ఇరువురు పట్టి దింపి, కడిగి, తిరిగి నిలుపవచ్చును. అందని అద్దమునకు పొడవు కర్ర కలదు. నిచ్చెన తప్పదన్న, నాలుగు మూరల ఎత్తున ఆనించినదానికి మొదలు గోడనుండి ఒక మూర ఎడముండవలెను. క్రింద ఒకరు పట్టుకొనవలెను. ఎక్కినవాడు ప్రక్కకు వంగి అందుకొనరాదు, దిగి నిచ్చెనను జరుపవలెను. మన వీధులలో కరెంటు తీగలు మేడల వసారాలకు చేరువగా పోవును. ఇనుప నిచ్చెన గాని లోహపు కర్ర గాని తడిచేతులతో ఆ దాపున ఎత్తుట మరణమును పిలుచుటయే. అట్టి కిటికీని వదలివేయవలెను.

ఎత్తును వదలుకొనినచో రాబడి ఎట్లని అడుగవచ్చును. దానికి జవాబు వాడుక. లెక్క తేలికకై కొన్ని అంకెలను ఊహింతము. ఒక బజారులో 30 దుకాణములు కుదిరినవనుకొందము. దినమునకు అయిదు చొప్పున వారమున ఆరు దినములలో ముగియును. ఒక్కసారికి 60 రూపాయలైన, నాలుగు వారములకు 7,200 రూపాయలు. దుకాణముల పని ఉదయము ముగియును గనుక మధ్యాహ్నము ఖాళీ. నెలకొకసారి చొప్పున 20 ఇండ్లు, ఇంటికి 400 రూపాయలైన, 8,000 రూపాయలు. రెండును కలిసి 15,200 రూపాయలు. ధరలు ఊరిని బట్టి మారును. లెక్క తీరు మాత్రము మారదు. ఇందులో ఒక్క రూపాయియు నిచ్చెన కొననుండి వచ్చినది కాదు. దుకాణములన్నియు ఒకే వీధిలో నుండుట ముఖ్యము. ఊరికి ఈ కొసన ఒకటి, ఆ కొసన ఒకటి యైన, సంపాదన పెట్రోలు పాలగును.

వాడుక కుదుర్చుకొనుటయు ఒక నేర్పే. దుకాణమునకు మొదటిసారి పోయినపుడు ధర చెప్పుటకు ముందు ఒక్క అద్దమును తుడిచి చూపుట మంచిది. రెండవసారి పిలుపుకై ఎదురుచూడక, చెప్పిన వారము, చెప్పిన వేళకు నిలువవలెను. వర్షాకాలమున వాన కురిసినదని మానరాదు. పని కుదరనిచో ముందుగా ఫోను చేయవలెను. దసరాకు, సంక్రాంతికి పిలుపులు పెక్కు వచ్చును. ఆ నాలుగు దినముల రాబడికి ఆశపడి నిలుకడ బేరములను తప్పినవాడు పండుగ వెళ్ళిన పిదప రెండింటికిని చెడును. ఎవరి ఇంట ఏనాడు చేసినది, ఎంత వచ్చినది, ఎంత రావలసినది ఒక నోటుపుస్తకములో వ్రాయుట మొదటిదినమునుండియే అలవాటు కావలెను.

ఇట్టి పనివానికి కొన్ని ఆసరాలు కలవు. అసంఘటిత కార్మికులకై ఈ-శ్రమ్ నమోదు 2021లో ఆరంభమైనది. 2015లో వచ్చిన ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన క్రింద, 18 నుండి 70 ఏండ్ల వయస్సు గల బ్యాంకు ఖాతాదారు ప్రమాద బీమా పొందవచ్చును. 2022 జూన్ నుండి దాని ప్రీమియము ఏడాదికి 20 రూపాయలు, ప్రమాద మరణమునకు పరిహారము 2 లక్షల రూపాయలు. ఇది పనివాడు మొదటివారపు రాబడిలోనే కట్టదగిన సొమ్ము. 2015లోనే వచ్చిన ముద్రా యోజనలో శిశు తరగతి అప్పు 50,000 రూపాయల వరకు తాకట్టు లేకుండ దొరకవచ్చును. అయినను మొదటి దినముననే అప్పు చేయుమని మేము చెప్పము. బకెట్టు, వైపరు, కుచ్చు చేత బట్టి పది దుకాణములు వాడుకగా కుదిరిన పిదప, పొడవు కర్రకో పాత బండికో సొమ్ము కావలసివచ్చినపుడు ఆ మాట ఆలోచింపవచ్చును.

కడపట ఇంటివారికి ఒక మనవి. అద్దములు తుడుచువాడు మన గుమ్మము ముందు నిలిచినపుడు అతనితో బేరమాడుట మన హక్కే. సజ్జమీదికి దిగుమనుట మాత్రము మన హక్కు కాదు. అతడు “అది నాకు అందదమ్మా” అనినచో, ఆ మాటను బద్ధకముగా కాక పనితనముగా ఎంచవలెను. ఆ ఒక్క అద్దము మసకగా మిగిలినను మన ఇంటికి లోటు లేదు. అతడు వచ్చే నెల అదే దినమున మరల మన తలుపు తట్టుట మనకును, అతని ఇంటివారికిని కావలసిన సంగతి.