ముసలితనం పాఠంలో ఆడవాళ్లేరి?

వయసు మీదపడే కొద్దీ ఒంట్లో ఏమేం మారతాయో ఏళ్ల తరబడి గమనించాలని అమెరికాలోని బాల్టిమోర్‌లో 1958లో ఒక అధ్యయనం మొదలైంది. చేర్చుకున్నది మగవాళ్లనే. ఆడవాళ్లకు 1978లో గాని చోటు దొరకలేదు. 1984లో వెలువడిన దాని పెద్ద గ్రంథం పేరు ‘సహజ మానవ వార్ధక్యం’. లోపలి లెక్కలు మాత్రం మగవాళ్లవే! మానవులంటే వాళ్లేనన్నమాట. ముట్లుడిగాక ఎముకలు వేగంగా గుల్లబారడం, భర్త పోయాక మిగిలిన ఒంటరి బతుకు అలాంటి పుస్తకంలో ఎలా కనిపిస్తాయి? మనకూ ఇది పరాయి సంగతేం కాదు. 2011 జనగణన ప్రకారం మన దేశంలో 60 దాటిన ఆడవాళ్లు సుమారు 5.3 కోట్లు, మగవాళ్లు 5.1 కోట్లు. అందుకే నర్సింగ్ పాఠాలు చెప్పేవారు వార్ధక్యం గురించిన పాత పట్టికలు చూపించేముందు అవి ఎవరిని పరీక్షించి రాసినవో కూడా విద్యార్థులకు చెప్పాలి.