మా అవ్వ పేరు రాసిన రెండు పుస్తకాలు
(కోడుమూరులో జరిగిన జ్ఞాపకార్థ కూడికలో చేసిన ప్రసంగం)



మా అవ్వను గురించి నాలుగు మాటలు చెప్పమని మన సంఘం పెద్దలు అడిగినారు. ఆమె పేరు పేపర్లలో పడలేదు. గంపలు అల్లింది, పిల్లలను సాకింది, రోజూ ప్రార్థన చేసుకుంది. అట్లా తొంభై ఏళ్లు దాటి బ్రతికి ప్రభువునందు నిద్రించింది. ఆమె పుట్టిన తేదీ ఎవరూ రాసి పెట్టలేదు. కరువులను బట్టి, పిల్లల కాన్పులను బట్టి మేమే లెక్క కట్టుకున్నాము.

పుట్టిన తేదీ రాయని సర్కారు, ఆమె నాయన వేలిముద్ర మాత్రం తీసుకుంది. చిన్న పిల్లలు కూడా ఉన్నారు కాబట్టి ఆ సంగతి చెప్తాను. మన ఎరుకలోళ్లు ఒకప్పుడు గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరూ తిరిగి అమ్మేవాళ్లు. ఉప్పు ఎరుకల అనే పేరు అట్లా వచ్చిందే. రైళ్లు వచ్చి ఆ బేరం పోయింది. 1876-78 కరువు మన కర్నూలు సీమను ఊడ్చేసింది. తిరిగేవాళ్లను దొరతనం అనుమానంగా చూసింది. 1871లో వచ్చిన నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మార్చి మద్రాసు రాష్ట్రంలోనూ అమలు చేసినారు. దొంగతనం చేసినా చేయకపోయినా, ఆ కులంలో పుట్టినందుకే పేరు రిజిస్టరులో ఎక్కేది. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం ఆ కాలంలో సాల్వేషన్ ఆర్మీ నడిపిన సెటిల్‌మెంటే.

మా అవ్వ చెప్పేది: "మా నాయన పొద్దు గూకితే హాజరు వేయించుకోవాల. పక్క ఊర్లో చుట్టం చచ్చినా చీటీ లేకుండా పోయేదానికి లేదు." 1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతా రద్దయింది. అప్పటికి అవ్వ చంకలో బిడ్డ ఉంది. చట్టం పోయినా ఊరి చూపు తొందరగా పోలేదు. ఎక్కడ ఏది పోయినా ముందు మన గుడిసెల వైపే చూసేవాళ్లు.

ఆ రోజుల్లోనే ఆమె బాప్తిస్మం తీసుకుంది. ఎందుకు తీసుకున్నావవ్వా అని అడిగితే పెద్ద పెద్ద మాటలు చెప్పలేదు. "చర్చి పుస్తకంలో నా పేరు రాసి, అందరి ముందర అమ్మా అని పిలిచినారు. మా నాయన పేరు రాసిన పుస్తకం వేరే. దాంట్లో పిలిస్తే భయం, దీంట్లో పిలిస్తే సంతోషం" అనింది. చదువు రాకపోయినా ఆమెకు విశ్వాసం అంటే ఏమో బాగా తెలుసు. ఆదివారం గంప అల్లేది కాదు. శనివారం సంతలో వచ్చిన డబ్బుల్లో దశమభాగం కొంగున వేరే ముడి వేసేది. ఆ ముడి విప్పితే ఇంట్లో జొన్నలు వస్తాయని తెలిసినా విప్పలేదు.

ఆమె తల్లి ఎరుక చెప్పే మనిషి. అవ్వ తాను ఎరుక చెప్పడం మానుకుంది గానీ, తల్లిని ఒక్క మాట అననిచ్చేది కాదు. "మా అమ్మ ఆ బుట్ట, ఆ కర్ర పట్టుకునే మమ్మల్ని బతికించింది" అనేది. కొందరు "కిరస్తానమైతే ఇంక ఎరుకలోళ్లు ఎట్లయితారు?" అంటారు. 1950 నాటి ఎస్సీ ఉత్తర్వులో మతం షరతు ఉంది, ఎస్టీ ఉత్తర్వులో అట్లాంటి షరతు లేదు. చట్టం సంగతి అది. మా అవ్వ సంగతి ఇంకా సులువు. చర్చిలో తెలుగులో పాడేది, ఇంట్లో దీపం పెట్టినాక కుర్రు భాషలో ప్రార్థన చేసేది. "దేవుడికి మన మాట రాదా ఏమి?" అని నవ్వేది.

నేను ఈరోజు ముఖ్యంగా చెప్పవలసింది ఇదే. కుర్రు భాషకు లిపి లేదు. తమిళానికి దగ్గరి భాష అని పండితులు అంటారు. లిపి లేని భాష నోట్లోనే బతకాల. మా నాయన తరం బడిలో ఎగతాళికి భయపడి దాన్ని దాచుకుంది. మా తరానికి అర్థమైతుంది, మాట్లాడను రాదు. మా పిల్లలకు అర్థం కూడా కాదు. అవ్వ చివరి వారం రోజులు కుర్రులోనే ప్రార్థన చేసింది. మంచం చుట్టూ ముప్పై మందిమి ఉన్నాము. ఆమె ఎవరెవరి పేరు పెట్టి ఏమేమి అడిగిందో పూర్తిగా తెలిసింది మా పెద్దత్త ఒక్కదానికే. మా కోసం చేసిన ప్రార్థనను మేము ఇంకొకరితో తెలుగు చేయించుకుని విన్నాము.

అందుకని ఒక మనవి. మీ ఇండ్లలో అవ్వ, తాత ఉంటే ఈ వారమే వాళ్ల పక్కన కూర్చోండి. అందరి చేతుల్లో ఫోన్లు ఉన్నాయి. వాళ్ల పాటలు, కథలు, తిట్లు, ప్రార్థనలు కుర్రులోనే రికార్డు చేయండి. ఈత బరిగె చీల్చే పద్ధతి, చేట అంచు కట్టే పద్ధతి వీడియో తీయండి. వాళ్ల పేరు, ఊరు, సుమారు వయసు రాసి మన సంఘానికి ఇవ్వండి. మన పెద్దల పేర్లు ఎవరో పోలీసు పుస్తకంలో రాసినారు. ఇప్పుడు మన పుస్తకంలో మనమే రాసుకుందాం.

మా అవ్వ అల్లిన చేటలు ఈ ఊర్లో ఇంకా చాలా ఇండ్లలో శనక్కాయలు చెరుగుతున్నాయి. ఆమెను మాకు ఇన్నేళ్లు ఇచ్చిన దేవునికి స్తోత్రం.