క్రొత్త ప్రొపెల్లరు – కొన్ని సందేహములు



మోటారు పడవకు వెనుక నీటిలో తిరుగు ప్రొపెల్లరును మీరు చూచియే యుందురు. దాని రెక్కలు మూడో నాలుగో విడివిడిగా నుండును. ఇప్పుడు అమెరికానుండి మరియొక వింతరూపము బయలుదేరినది. దీని రెక్కలకు కొనలే లేవు. ఒక్కొక్క రెక్కయు వంగివచ్చి మరల మొదటనే కలిసి వలయమగును. గ్రెగ్ షారో అను నతడు పడవలకై దీనిని కల్పించెను. ఎగిరెడు చిన్నయంత్రములకై మసాచుసెట్స్‌లోని లింకన్ ప్రయోగశాలవారు చేసిన ఇట్టి రూపమునకు 2022లో బహుమానము వచ్చినది. పిమ్మట దీని మాట లోకమంతట ప్రాకినది. నూటికి 30 వంతుల వరకు మేలని అమ్మువారి మాట. వెల మొదట దాదాపు 5,000 డాలర్లు. ఇంత సొమ్ము చేపలవారి సహకార సంఘము పెట్టవలెనన్నచో అది వలలు లాగిన చేతుల కష్టార్జితము. కావున అడుగవలసినది అడిగియే తీరవలెను.

ఈ రూపము వెనుక యుక్తి లేకపోలేదు. రెక్క నీటిని వెనుకకు నెట్టగా పడవ ముందుకు సాగును. ఆ నెట్టుటలో రెక్క కొనచుట్టు నీరు ఒక ప్రక్కనుండి వేరొక ప్రక్కకు జారి సుడి తిరుగును. ఆ సుడిలో కొంత బలము వ్యర్థమగును, చప్పుడును పుట్టును. కొన లేకున్న సుడి తగ్గుననుట సబబే. కాని నష్టమంతయు కొనయందే లేదు. నెట్టబడిన నీరు తనతో కొంత బలమును కొనిపోక తప్పదు. రెక్క వైశాల్యము పెరిగినకొలది నీటి రాపిడియు పెరుగును. అందుచే 30 వంతులనగానే, దేనితో పోల్చి చెప్పితిరని నేనడుగుదును. పడవకు తగని పాత ప్రొపెల్లరుతో పోల్చినచో, తగిన సామాన్యపు ప్రొపెల్లరు బిగించినను చమురు మిగులును గదా!

వింతగా నున్నదని నవ్వి త్రోసివేయుటయు తగదు. 1836లో ఫ్రాన్సిస్ పెటిట్ స్మిత్తు ఇంగ్లండులో మరచుట్టువంటి ప్రొపెల్లరుకు హక్కు పొందినప్పుడు, ప్రక్కచక్రముల ఓడలకు అలవాటుపడినవారు పెదవి విరిచిరి. 1845లో రాట్లరు అను మరచుట్టు ఓడను, అలెక్టో అను చక్రముల ఓడను త్రాటితో కట్టి చెరియొక వైపునకు లాగించిరి. రాట్లరు రెండవదానిని గంటకు రెండు మైళ్ళకు మించిన వేగముతో ఈడ్చుకొనిపోయెను. లోకము ఈ కథనే చెప్పుకొనును. అయితే రాట్లరు యంత్రమునకు బలమెక్కువ. అది సరిసమానమైన పందెము కాదు. అంతకు ముందు రాట్లరుకే పలువిధముల ప్రొపెల్లరులను మార్చి మార్చి బిగించి కొలిచిన పరీక్షలే నాకు మిక్కిలి విలువగా తోచును.

ఇక మన నీళ్ళ సంగతి. ఆర్థరు కాటను దొర గోదావరి మీదుగా మధ్యపరగణాలవరకు ఆవిరి పడవలు నడుపనెంచెను. దుమ్ముగూడెము, ఇచ్చంపల్లి, ప్రాణహిత మీది దేవలమర్రి – ఈ మూడుచోట్ల రాతిబండలు అడ్డుపడెను. వేసవిలో నీరును చాలదు. తుదకు 1871లో ఆ పని మానివేసిరి. పడవ మంచిదైనంత మాత్రమున చాలదు; ఏటి అడుగును చూడవలెను. మన జలాశయములలో మునిగిన మొద్దులున్నవి, బండలున్నవి, పరచిన వలలున్నవి. వలయములో వల చిక్కుకొన్న విడదీయుటకెంత సేపు పట్టును? సామాన్యపు రెక్క వంగినచో పట్టణములోని మరమ్మతువాడు కొట్టి సరిచేయగలడు. ఈ వలయము వంగినచో?

కావున అమ్మవచ్చినవాని కాగితములు చదివి ప్రక్కనుంచుడు. ఒకే పడవ, ఒకే బరువు, గాలిలేని ఉదయము. దిగువ మానేరులోనో ఎల్లంపల్లిలోనో రెండు గుర్తుల నడుమ పోవుచు వచ్చుచు పదిమార్లు నడిపింపుడు, వేగమును సమముగ నుంచుడు, చమురును మీరే కొలతపాత్రతో పోయుడు. తరువాత పడవకు తగిన సామాన్యపు ప్రొపెల్లరు బిగించి మరల అట్లే చేయుడు. మిగిలిన చమురు వెల ఎన్నేండ్లకు దాని వెలను తీర్చునో సంఘపు లెక్కవ్రాయువాడు చెప్పగలడు. ఏడాదికి కొద్దిదినములే మోటారు తిప్పి, తక్కినదినములు పుట్టిమీద తెడ్డు వేయువారికి ఆ లెక్క వేయుటకు చాలసేపు పట్టదు.